24 లెవెల్ ఐస్ మేజ్, నలుగురు మీద పడితే చాలు చచ్చిపోతున్నాడు: పాయింట్లు తప్పా, ఆట తప్పా?

రాజాం_మంచుముక్క

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ ఆన్‌లైన్ ఆట, మామూలు సర్వర్, హోర్డ్ పక్షంలో అన్‌డెడ్ మేజ్ (మంత్రగాడు), 24 లెవెల్. పదిహేను టాలెంట్ పాయింట్లూ మంచు చెట్టులోనే (మంచు మంత్రాల వరసలోనే) పెట్టాను: ఇంప్రూవ్డ్ ఫ్రాస్ట్‌బోల్ట్ 5, ఫ్రాస్ట్ వార్డింగ్ 2, ఫ్రాస్ట్‌బైట్ 3, ఐస్ షార్డ్స్ 5.

ఒక్క మాబు (ఆట నడిపే శత్రువు) అయితే దగ్గరికి చేరకుండానే పడిపోతాది. హిల్స్‌బ్రాడ్ పొలాల్లో నలుగురు ఒకేసారి తగులుకుంటే మాత్రం బ్లిజార్డ్ (నేల మీద వలయంలో కురిసే మంచు) సగం కూడా కాకుండా మీదకొచ్చేస్తన్నారు. ఫ్రాస్ట్ నోవా (చుట్టూ ఉన్నోళ్లని గడ్డకట్టించే మంత్రం) వేస్తే ఇద్దరు ఆగుతారు, ఇద్దరు ఊడిపోతారు. వీడియోల్లో ఐస్ మేజ్ పదేసిమందిని తిప్పుతాడు, మరి ఇక్కడ తేడా ఏటి? పాయింట్లు చెరిపి మళ్లీ పెట్టాలా? పెడితే 40 దాకా ఏ వరసలో? ఇంకొకటి, సాయంత్రం పింగ్ (సర్వర్‌కి పోయి తిరిగొచ్చే ఆలస్యం) ఎగిరిపోద్ది, మధ్యలో కరెంటు కూడా పోద్ది. దానికేమైనా మార్గం ఉంటే అదీ చెప్పండి.

బొబ్బిలి_కోటమేజ్

బావూ, నీ పాయింట్లు ఒక్కణ్ణి కొట్టడానికి పనికొస్తాయి, మందని తిప్పడానికి కాదు. ఫ్రాస్ట్ వార్డింగ్ అయితే దేనికీ కాదు. ఫ్రాస్ట్ ఆర్మర్ ఇచ్చే కవచానికి 30 శాతం కలుపుతాది, నిజమే. మేజ్ వేసుకునేది గుడ్డ, దాని మీద ముప్పై శాతం కలిపినా గుడ్డే.

నీ దగ్గర లేనివి రెండు: పెర్మాఫ్రాస్ట్, ఇంప్రూవ్డ్ బ్లిజార్డ్. ఉత్త బ్లిజార్డ్ కొడతాది గాని ఎవర్నీ ఆపదు. ఇంప్రూవ్డ్ బ్లిజార్డ్ మూడు పాయింట్లూ పెడితే అందులో ఉన్నోళ్ల నడక 65 శాతం తగ్గుతాది. కాని ఆ చలి ఉండేది 1.5 సెకన్లే. ఒక బ్లిజార్డ్ అయిపోయింది, బ్లింక్ (ముందుకి ఎగిరే మంత్రం) కొట్టావు, గ్లోబల్ కూల్‌డౌన్ (రెండు మంత్రాల మధ్య తప్పని ఆగుడు) 1.5 సెకన్లు పోయింది, కొత్త బ్లిజార్డ్ మొదలెట్టావు, దాని మొదటి టిక్ (సెకనుకొకసారి పడే దెబ్బ) పడేది ఇంకో సెకను తర్వాత. అంటే రెండు బ్లిజార్డుల మధ్య సందు 2.5 సెకన్లు, దాని మీద నీ పింగ్. 1.5 సెకన్ల చలి ఆ సందులోనే కరిగిపోద్ది, మాబులు పూర్తి వేగంతో పరిగెత్తుకొస్తాయి. పెర్మాఫ్రాస్ట్ మూడు పెడితే చలికి 3 సెకన్లు కలుస్తాయి, నడక ఇంకో 10 శాతం తగ్గుతాది. 4.5 సెకన్ల చలి, 75 శాతం మందగింపు. సందు దాటడానికి సరిపోద్ది, పైన రెండు సెకన్లు చేతిలో మిగుల్తాయి. వీడియోకీ నీకూ తేడా అదే.

అండర్‌సిటీలో మేజ్ ట్రైనర్ దగ్గర పాయింట్లు చెరిపించుకో. మొదటిసారి 1 గోల్డ్, రెండోసారి 5, తర్వాత 10, అలా ఐదేసి పెరుగుతూ 50 దాకా పోతాది. కాబట్టి మొదటి చెరుపులోనే సరిగా పెట్టుకో.

24కి పదిహేను పాయింట్లు: ఇంప్రూవ్డ్ ఫ్రాస్ట్‌బోల్ట్ 5, పెర్మాఫ్రాస్ట్ 3, ఇంప్రూవ్డ్ ఫ్రాస్ట్ నోవా 2, ఇంప్రూవ్డ్ బ్లిజార్డ్ 3, కోల్డ్ స్నాప్ 1, పియర్సింగ్ ఐస్ 1. తర్వాత 25, 26లో ఆర్కిటిక్ రీచ్ 2. ఇది దూరం పెంచడమే కాదు, నోవా, కోన్ ఆఫ్ కోల్డ్ (ముందుకి చిమ్మే చలి) రెండూ అందే మేర కూడా పెంచుతాది, ఊడిపోయే ఇద్దరూ అందులో పడతారు. 27 నుంచి 29 దాకా ఫ్రాస్ట్ చానెలింగ్ 3, మంచు మంత్రాలన్నిటికీ మానా (మంత్రాలకి ఖర్చయ్యే శక్తి) 15 శాతం తక్కువ. 30లో ఐస్ బ్లాక్ (మంచుగడ్డలో దాక్కుని దెబ్బ తగలకుండా ఉండడం). 31 నుంచి 33 ఇంప్రూవ్డ్ కోన్ ఆఫ్ కోల్డ్ 3. 34 నుంచి 38 షాటర్ 5. దీనికి ఇంప్రూవ్డ్ నోవా రెండూ ఉండాలి, అవి ఇప్పటికే పెట్టేశావు. 39లో పియర్సింగ్ ఐస్‌కి ఇంకొకటి, 40లో ఐస్ బ్యారియర్ (దెబ్బలు పీల్చే మంచు కవచం). అది దొరికే మొదటి లెవెల్ 40, పక్క చెట్టులో ఒక్క పాయింటు పెట్టినా అంత ఆలస్యం.

సామాన్లలో పేరు చివర ‘ఆఫ్ ద ఈగల్’ ఉన్నవి చూడు, స్టామినా, ఇంటెలెక్ట్ రెండూ ఉంటాయి. ఒక స్టామినాకి 10 ప్రాణం, ఒక ఇంటెలెక్ట్‌కి 15 మానా. మందని తిప్పేవాడికి దెబ్బ బలం కన్నా ఇవే ముందు.

ఆమదాలవలస_జంక్షన్

పాయింట్లు పైన చెప్పేశారు. తిప్పడం నేను చెప్తాను. కల్లంలో ఎడ్లని తిప్పినట్టే, తొందరపడితే గడ్డి చెదిరిపోద్ది.

ముందు మాబుల ఎంపిక. నీ కన్నా రెండు లెవెళ్లు తక్కువ, చేత్తో కొట్టేవి మాత్రమే. విల్లు వేసేవాడు, మంత్రం వేసేవాడు ఒక్కడున్నా మంద చెడిపోద్ది. నువ్వు ఎంత దూరం పోయినా వాడు నిలబడి కొడుతూనే ఉంటాడు, ఒక్కో దెబ్బకీ నీ బ్లిజార్డ్ చానల్ కాలం కోసుకుపోతాది. అలాంటివాడు తగిలితే కౌంటర్‌స్పెల్ కొట్టు (24లో వస్తాది, 10 సెకన్లు వాడి విద్య మూతపడతాది), లేదా గోడ చాటుకి పో, చూపు అందక వాడే నడుచుకుంటూ మందలోకి వస్తాడు. మనిషి జాతి మాబుకి పాలీమార్ఫ్ (గొర్రెగా మార్చే మంత్రం) కూడా పనిచేస్తాది. గాని గొర్రెగా ఉన్నంతసేపు వాడి ప్రాణం గబగబా నిండిపోతాది, బ్లిజార్డ్ ఒక్క టిక్ తగిలినా లేచిపోతాడు. డస్క్‌వుడ్ శ్మశానం అస్థిపంజరాల్లో మంత్రగాళ్లు కలిసుంటారు, పైగా అన్‌డెడ్‌కి పాలీమార్ఫ్ అంటదు. ఆ చోటు ఇప్పుడొద్దు.

మానా లెక్క: బ్లిజార్డ్ మొదటి ర్యాంకు 320. మూడు వేస్తే 960. దాని మీద నోవా, చివర్లో ఆర్కేన్ ఎక్స్‌ప్లోజన్ (చుట్టూ ఉన్నోళ్లందరికీ తగిలే పేలుడు). 1200 తక్కువుంటే మంద మొదలెట్టకు, కూచుని నీళ్లు తాగు. మూడు బ్లిజార్డులు పూర్తిగా తగిలితే ఒక్కొక్కడికీ 600 దెబ్బ, 22 లెవెల్ మాబు ప్రాణం 550 చిల్లర. లెక్క సరిపోయినట్టే ఉంటాది గాని ఒక్క టిక్ కూడా పోకుండా ఎవడూ వెయ్యలేడు. అందుకే మొదట నాలుగుతో అలవాటు చేసుకో, ఆరుకి తర్వాత పో.

పోగెయ్యడం: మాబుల పక్కనుంచి పరిగెత్తు, కొట్టకు, వాళ్లే తగులుకుంటారు. వీపు మీద దెబ్బ తగలనివ్వకు. వెనకనుంచి తగిలిన దెబ్బకి డేజ్ పడితే నడక సగమైపోద్ది, ఆ తర్వాత ఇంక పోగెయ్యడం ఉండదు. నలుగురూ వెంటబడ్డాక ఆగి, అందరూ నిన్ను ఆనుకునేదాకా ఒకటిన్నర సెకన్లు ఓర్చుకో. మొదటి దెబ్బ తగలగానే నోవా నొక్కేస్తన్నావు, అందుకే ఇద్దరు ఊడిపోతున్నారు. వెనకోళ్లు ఇంకా వలయంలోకి రాలేదు.

నోవా పడ్డాక 8 సెకన్లు గడ్డకట్టి ఉంటారు. వెనక్కి తిరిగి 20 గజాలు పో. సెకనుకి 7 గజాల పరుగు, మూడు సెకన్లలో అయిపోద్ది. ఇప్పుడు బ్లిజార్డ్. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు: వలయాన్ని మాబుల నెత్తిన పెడతారు. అలా కాదు. బ్లిజార్డ్ వ్యాసం 16 గజాలు. 75 శాతం మందగించిన మాబు సెకనుకి రెండు గజాలకి లోపే నడుస్తాది, 8 సెకన్లలో 14 నుంచి 16 గజాలు. అంటే మాబులు వలయం అవతలి అంచున ఉండేటట్టు, వలయం మధ్యభాగం నీ వైపుకి వచ్చేటట్టు పెట్టాలి. అప్పుడు ఎనిమిది టిక్‌లూ తింటూ దాన్ని దాటేసరికి బ్లిజార్డ్ కూడా అయిపోద్ది. నెత్తిన పెడితే నాలుగు టిక్‌లకే బయటికొచ్చేస్తారు, మిగతా నాలుగూ ఉత్త నేల మీద పడతాయి.

అయిపోగానే మౌస్ కుడి బటన్ పట్టుకుని ఒక్క ఊపులో వెనక్కి తిరిగి బ్లింక్. బ్లింక్ నువ్వు చూస్తున్న దిక్కుకే పోతాది, 20 గజాలు. కీబోర్డుతో తిరిగితే సగం తిరిగేసరికి నొక్కేస్తావు, పక్కనున్న కొత్త మందలో పడతావు. మళ్లీ అటు తిరిగి రెండో బ్లిజార్డ్, అదే కొలత. మూడోదానికి బ్లింక్ ఉండకపోవచ్చు (15 సెకన్లు పడతాది), అప్పుడు పరుగే. చలిలో ఉన్నోళ్ల మీద నాలుగు సెకన్లు పరిగెడితే 20 గజాల తేడా మళ్లీ వస్తాది. 26లో కోన్ ఆఫ్ కోల్డ్ వచ్చాక ఈ పరుగుకి ముందు ఒక కోన్ వెయ్యి, సగం వేగం తగ్గిస్తాది, ఎక్కువసేపు ఉంటాది.

అందరి ప్రాణం పదో వంతుకి దిగాక రెండో నోవా వేసి, మధ్యలో నిలబడి ఆర్కేన్ ఎక్స్‌ప్లోజన్ మీద ఎక్స్‌ప్లోజన్. ఇంప్రూవ్డ్ నోవాతో 21 సెకన్లకి నోవా తిరిగొస్తాది, రాకపోతే కోల్డ్ స్నాప్ నొక్కితే అప్పటికప్పుడు వస్తాది. కోల్డ్ స్నాప్ 10 నిమిషాలకి ఒక్కసారే, ప్రతి మందకీ దాన్నే నమ్ముకోకు.

నోవాని ఒకడు తప్పించుకుంటే వాడి మీద మాత్రం ఫ్రాస్ట్‌బోల్ట్ మొదటి ర్యాంకు. మానా 25 మాత్రమే, నీ పాయింట్లతో సెకనులో పడిపోద్ది, మందగింపు పెద్ద ర్యాంకుదీ దీనిదీ ఒకటే 40 శాతం. బార్ మీద దీనికో బటన్ శాశ్వతంగా పెట్టుకో.

హిల్స్‌బ్రాడ్ మనుషులు ప్రాణం తగ్గితే పారిపోయి ఇంకో ముగ్గుర్ని వెంటేసుకొస్తారు. చలి ఉన్నంతసేపు దూరం పోలేరు గాని, పొలం గట్టు దగ్గర కాకుండా ఖాళీ మైదానం వైపు తిప్పుకో.

పలాస_జీడిపిక్క

అన్నయ్యలిద్దరూ ఫ్రాస్ట్‌బైట్ మాటే ఎత్తలేదు. తీసెయ్యమంటే ఎందుకో చెప్పాలి కదేటి, లేకపోతే ఈ కుర్రాడు 40లో మళ్లీ పెట్టేస్తాడు.

చలి తగిలిన ప్రతిసారీ 15 శాతం అవకాశంతో మాబు 5 సెకన్లు గడ్డకట్టుకుపోద్ది. ఒక్క మాబుతో ఇది వరం. మందతో శాపం. ఆరుగురు సమానంగా నడిచొస్తుంటే ఇద్దరు మధ్యలో ఆగిపోతారు, నలుగురు నీ దగ్గరికొస్తారు, మంద రెండు ముక్కలు. వలయం ఎక్కడ పెట్టినా సగం మందే పడతారు. అందుకే మందకొట్టుడుకి వద్దు. 

వేరే ఆటగాళ్లతో పోరుకి అయితే ఇదే ముందు పెట్టాలి, షాటర్‌తో కలిపి. షాటర్ ఐదూ ఉంటే గడ్డకట్టినవాడి మీద క్రిట్ (మామూలు కన్నా పెద్ద దెబ్బ) అవకాశం 50 శాతం పెరుగుతాది. నీ మామూలు క్రిట్ 8 అయితే 58. ఐస్ షార్డ్స్ ఐదూ ఉంటే మంచు క్రిట్ ఒకటిన్నర రెట్లు కాకుండా రెండు రెట్లు. నోవా వేసి, నాలుగడుగులు వెనక్కేసి ఫ్రాస్ట్‌బోల్ట్ లాగు. అది చేతిలోంచి వదిలిన క్షణానే కోన్ ఆఫ్ కోల్డ్ నొక్కు. బోల్ట్ ఇంకా గాల్లో ఉంటాది, ఎదుటివాడు ఇంకా గడ్డలోనే ఉంటాడు, రెంటికీ ఆ 50 శాతం వర్తిస్తాది. మొదట కోన్ వేస్తే గడ్డ పగిలి బోల్ట్ ఉత్తదైపోద్ది. కోన్ 10 గజాలే అందుతాది, మరీ వెనక్కి పోతే ఫైర్ బ్లాస్ట్ వాడు, అది 20.

చీపురుపల్లి_లాన్‌కేబుల్

కరెంటు, పింగ్ సంగతి మాత్రమే.

ఆటలో కింద మెనూ బార్ మీద కంప్యూటర్ గుర్తు దగ్గర మౌస్ పెడితే హోమ్, వరల్డ్ అని రెండు అంకెలు కనిపిస్తాయి. నువ్వు చూడాల్సింది వరల్డ్. అది సాయంత్రం మాత్రమే ఎగిరితే ముందు వైఫై మానేసి రౌటర్‌కి లాన్ తీగ వేసి చూడు. తీగ మీద కూడా ఎగిరితే తప్పు లైనుది, నీ ఇంట్లోది కాదు. నెట్‌వర్క్ సెట్టింగుల్లో వేగానికి ప్రాధాన్యమిచ్చే టిక్ పెట్టి ఉంచు. బ్యాటిల్ నెట్ యాప్‌లో ఆట నడిచేటప్పుడు డౌన్‌లోడ్లు ఆపెయ్యి.

పింగ్ ఎక్కువున్నవాడు బ్లిజార్డ్ చివరి టిక్ పడకముందే తర్వాతి బటన్ నొక్కకూడదు, ఆ టిక్ పోతుంది. ఎనిమిదిలో ఒకటి పోయినా దెబ్బలో ఎనిమిదో వంతు పోయినట్టే. ఐస్ బ్లాక్‌ని 10 శాతం ప్రాణం దాకా దాచకు, 30 దగ్గరే నొక్కు. కౌంటర్‌స్పెల్, ఐస్ బ్లాక్ రెంటికీ మాక్రో రాసి మొదటి లైనులో స్టాప్‌కాస్టింగ్ (వేస్తున్న మంత్రాన్ని ఆపే ఆదేశం) పెట్టుకో. లేకపోతే సగంలో ఉన్న ఫ్రాస్ట్‌బోల్ట్ అడ్డుపడి బటన్ పనిచెయ్యదు.

కరెంటు: ఇన్వర్టర్ ఉంటే దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది, చాలా ఇళ్లలో అది మామూలు మోడ్‌లోనే ఉంటుంది. మార్చకపోతే కరెంటు పోయిన ఆ లిప్తలో డెస్క్‌టాప్ రీస్టార్ట్ అయిపోతుంది. ల్యాప్‌టాప్ అయితే నీకు బ్యాటరీ ఉంది గాని రౌటర్‌కి, ఫైబర్ డబ్బాకి లేదు. వాటికి చిన్న డీసీ యూపీఎస్ దొరుకుతుంది. కొనేముందు అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చదువు. చాలావాటికి 12 వోల్టులే గాని కొన్ని 9 వోల్టులవి ఉంటాయి, తప్పుది గుచ్చితే రౌటర్ మాడిపోతుంది.

లైను తెగినా నీ మేజ్ ఆటలోంచి వెంటనే మాయమవ్వడు, మంద మధ్యలో బొమ్మలా నిలబడి ఉంటాడు. పైగా మంత్రంతో చేసిన నీళ్లు, తిండి, మానా రాళ్లు 15 నిమిషాలకి మించి లాగౌట్ అయితే పోతాయి. రాత్రి కరెంటు వచ్చాక మళ్లీ ఎక్కితే మొదటి పని నీళ్లు చేసుకోవడం. అక్టోబరు, నవంబరు తుఫాను రోజుల్లో ఆడితే ఒక్కొక్క మాబుతోనే ఆడు. హార్డ్‌కోర్ సర్వర్లు (2023లో వచ్చినవి) మన లైన్ల మీద ఈ ఏర్పాటు లేకుండా వద్దు, అక్కడ ప్రాణం ఒక్కటే.

రాజాం_మంచుముక్క

పాయింట్లు చెరిపి పైన చెప్పినట్టే పెట్టాను. వలయం అవతలి అంచు సంగతి ఇప్పుడర్థమైంది. ఇంకో రెండు సందేహాలు. నీళ్లు తాగడానికే సగం సమయం పోతన్నాది, తగ్గించుకునే దారుందా? 60 అయ్యాక రెయిడ్‌లో (పెద్ద గుంపుగా బాస్‌ల మీద పోరు) కూడా మంచే ఉంచాలా, అందరూ నిప్పే గొప్పంటున్నారు.

బొబ్బిలి_కోటమేజ్

నీళ్లు తగ్గాలంటే మంత్రదండం. మేజ్ ఏదైనా మంత్రానికి మానా ఖర్చుపెట్టాక 5 సెకన్లు స్పిరిట్ వల్ల వచ్చే మానా ఆగిపోద్ది. ఒంటరి మాబు చివరి పదిహేను శాతం ప్రాణాన్ని దండంతో దింపితే ఆ 5 సెకన్లు అందులోనే గడిచిపోతాయి, మాబు పడేసరికి మానా పారడం మొదలై ఉంటాది. ఎన్‌చాంటింగ్ చేసేవాళ్లు 13 లెవెల్‌కి గ్రేటర్ మ్యాజిక్ వాండ్ చేసిస్తారు, ఒక సింపుల్ వుడ్, ఒక గ్రేటర్ మ్యాజిక్ ఎసెన్స్ ఇస్తే చాలు. నువ్వు 24, దాన్ని కూడా దాటేశావు, వేలంలో ఇంకా పైది చూడు.

ఎవొకేషన్ (స్పిరిట్‌ని బట్టి మానా గబగబా నింపే మంత్రం) 8 నిమిషాలకి ఒకసారి. స్పిరిట్ ఎక్కువున్న పాత కర్ర ఒకటి సంచిలో ఉంచుకుని, దాన్ని చేతికి మార్చి ఎవొకేట్ చేసి మళ్లీ మార్చుకో. పోరులో కూడా ఆయుధం మార్చొచ్చు. 28లో మానా అగేట్ (మానా రాయి) వస్తాది, మందకి ముందే చేసి ఉంచు.

రెయిడ్ మాట. మోల్టెన్ కోర్ రెయిడ్‌లో బాస్‌లు రాగ్నరోస్, బారన్ గెడన్‌లకి నిప్పు అసలంటదు, మిగతావాళ్లకీ అంతంతమాత్రం. కాబట్టి మొదటి రెయిడ్లలో మంచే. నిప్పు గొప్పదవడం తర్వాతి రెయిడ్ అహ్న్ కిరాజ్ దగ్గర్నుంచి, అప్పటికి క్రిట్ పోగై ఇగ్నైట్ (నిప్పు క్రిట్ తర్వాత మిగిలే మంట) మండుతాది. 60లో ఉండే 51 పాయింట్లకి 31 ఆర్కేన్, 20 మంచు పెట్టు. మంచులో ఇంప్రూవ్డ్ ఫ్రాస్ట్‌బోల్ట్ 5, ఎలిమెంటల్ ప్రెసిషన్ 3, ఐస్ షార్డ్స్ 5, పియర్సింగ్ ఐస్ 3, ఫ్రాస్ట్ చానెలింగ్ 3, మిగిలిన ఒకటి ఆర్కిటిక్ రీచ్‌కి. ఆర్కేన్ చివర ఆర్కేన్ పవర్: 15 సెకన్లు దెబ్బా మానా ఖర్చూ రెండూ 30 శాతం ఎక్కువ, 3 నిమిషాలకి ఒకసారి. ఫ్రాస్ట్ చానెలింగ్ వదలకు, అది మానాతో పాటు థ్రెట్ (బాస్‌ని నీ వైపు లాగే లెక్క) కూడా 30 శాతం తగ్గిస్తాది, ట్యాంక్ (బాస్ దెబ్బలు కాసేవాడు) నెత్తినుంచి బాస్ నీ మీదకి రాడు.

హిట్ లెక్క గట్టిగా గుర్తుపెట్టుకో. రెయిడ్ బాస్ 63 లెవెల్ కింద లెక్క. నీ మంత్రం వంద వేస్తే 17 తప్పిపోతాయి. అందులో ఒక్కటి ఏం చేసినా పోదు. మిగిలిన 16లో ఎలిమెంటల్ ప్రెసిషన్ 6 తీసేస్తాది, ఇంకా 10 శాతం బట్టల మీద సంపాదించాలి. ఆ 10 నిండేదాకా క్రిట్ కన్నా హిట్ ముందు. 10 దాటాక ఒక్క శాతం కూడా దండగ. మేజ్‌కి ఒక శాతం క్రిట్ కావాలంటే దాదాపు 60 ఇంటెలెక్ట్ పడతాది, అంచేత ఇంటెలెక్ట్ చూసి బట్టలు కొనడం రెయిడ్‌లో దెబ్బతింటాది. స్పెల్ పవర్ (మంత్రాల దెబ్బ బలం) చూడు: ఫ్రాస్ట్‌బోల్ట్ దానిలో 81 శాతం తీసుకుంటాది. ఇంప్రూవ్డ్ ఫ్రాస్ట్‌బోల్ట్‌తో మంత్రం కాలం అర సెకను తగ్గినా ఈ 81 తగ్గదు. ఆ ఐదు పాయింట్లు అందుకే తియ్యకూడదు.

వింటర్స్ చిల్ మాత్రం రెయిడ్‌లో ఒక మేజ్ పెట్టుకుంటే చాలు. బాస్ మీద ఐదు పొరలు పేరితే మంచు మంత్రాలన్నిటికీ 10 శాతం క్రిట్, అది అందరికీ పనికొస్తాది. 2019లో క్లాసిక్ వచ్చినప్పుడు బాస్ మీద డీబఫ్‌లు (బలం తగ్గించే ముద్రలు) 16 మించి నిలిచేవి కావు, ఎవరు పెడుతున్నారో రెయిడ్ లీడర్‌ని ముందే అడుగు.

పలాస_జీడిపిక్క

సీసాలు మర్చిపోయారు అన్నయ్యా. ఎలిక్సిర్ ఆఫ్ ఫ్రాస్ట్ పవర్ 15 మంచు దెబ్బ, అరగంట. గ్రేటర్ ఆర్కేన్ ఎలిక్సిర్ 35, గంట. రెండూ కలిసి పనిచేస్తాయి. బ్రిలియంట్ విజార్డ్ ఆయిల్ కర్రకి రాసుకుంటే 36 స్పెల్ పవర్, ఒక శాతం క్రిట్. అందుకే కర్ర మార్చి ఎవొకేట్ చేసేవాళ్లు మళ్లీ ఆయిల్ రాసిన కర్రే చేతిలో ఉందో లేదో చూసుకోండి.